యెల్లాప్రగడ సుబ్బారావుగారు

లోకమునకు మేలుచేసిన మహనీయులు రెండు తెగలవారు. కొందరి పేరు వారు చేసిన మేలుతోకూడ జనుల నోళ్లయందు నిలిచియుండును. మరికొందరి విషయమున మేలు మాత్రము నిలిచి, పేరు మరుగుపడిపోవును. మేమిప్పుడు చెప్పబోవు ఆంధ్రుడు ఈ రెండవ తెగకు చెందినవారు.

గర్భిణీ స్త్రీలకు ఆరోగ్యకేంద్రములయందిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్ర మనమందర మెరిగినదే. బోదకాలు నివారణకై ఇంటింటికి దెచ్చి యెదుటనే మ్రింగించు డైఇథైల్‌కార్బమజీన్ మాత్రయు మన మెరిగినదే. కొన్ని కాన్సరులకును, కీళ్లవాతమునకును వైద్యులు వ్రాయు మెథోట్రెక్సేటు, పలువిధములైన అంటుజ్వరములకు వాడు టెట్రాసైక్లిన్ వర్గపు మందులు కొందరి యిండ్లలోనైనను ఉండును. ఈ నాల్గింటి పుట్టుకతోను భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారికి సంబంధము గలదు. అయినను ఏ మాత్ర పొట్లముమీదను వారి పేరు కానరాదు.

వారి చరిత్రమును ఈ సంచికకు మేమెన్నుకొనుటకు కారణములు రెండు. పరీక్షలో తప్పిన బాలుడొకడు ఎంతవరకు పోగలడో మన విద్యార్థులు తెలిసికొనవలెననుట మొదటిది. కాశీబుగ్గకును, పలాసకును, ఉద్దానపు పల్లెలకును మందుల సంగతి దూరపు సంగతి కాదనుట రెండవది. మూత్రపిండముల వ్యాధిచే ఎన్నో కుటుంబములు క్రుంగిపోయిన ఈ సీమలో, చేతిలోనున్న మాత్ర యేదో యెరుగుట ప్రాణావసరము.

జననము, బాల్యము

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగము ముందుగానే విడువవలసివచ్చుటచే, ఏడుగురు సంతానముగల ఆ యిల్లు దారిద్ర్యమున పడెను. బాలునకు చదువుపై మొదట మనసు నిలువలేదు. కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెననియు, పెద్దలు వెదకి మరల గొనివచ్చిరనియు చెప్పుదురు. ఎట్లయినను కుమారుని చదివింపవలెనని తల్లి పూనిన పట్టుదలయే ఆ బాలుని బడికి మరల్చినది.

మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పిరి. మూడవసారి చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి పరీక్షకుబోయి ఉత్తీర్ణులైరి. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించిరి. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని ఆ దినములలో వారికి మిక్కిలి కోరిక యుండెను. తల్లి యందుకు సమ్మతింపలేదు. వైద్యము నేర్చినచో జనసేవకు మార్గ మేర్పడునని తలచి మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి.

సోదర మరణము

ఆ కాలమున ఆ కుటుంబమునకు గొప్ప విపత్తు సంభవించెను. ఎనిమిది దినముల వ్యవధిలో ఇరువురు సోదరులు ఉష్ణదేశములయందు వ్యాపించు స్ప్రూ అను రోగముచే మరణించిరి. మనవారు సంగ్రహణి యని చెప్పుకొను జబ్బు వంటిదే యిది. తిన్న యన్నము ఒంటబట్టక, ఎడతెగని విరేచనములచేతను, రక్తహీనతచేతను మనుష్యుడు నానాటికి శుష్కించిపోవును. అప్పటి వైద్యమున దానికి తగిన మందు లేదు. సుబ్బారావుగారుకూడ ఒకప్పుడు ఆ రోగముచే పీడితులై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరని చెప్పుదురు. రోగికి మందు దొరకకపోవుట యెట్లుండునో వారు పుస్తకములవలన నేర్చుకొనలేదు. తమ యింటనే చూచిరి. వారి తరువాతి జీవితమంతయు దీనికి సమాధానమువలె నున్నది.

వైద్య విద్య

వైద్యకళాశాలలో చదువునకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919వ సంవత్సరమున శేషగిరిగారితో వివాహమయ్యెను. అది గాంధీగారి పిలుపు దేశమంతట మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు దుస్తులు ధరించి నిలిచిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్ల ఆచార్యునకు ఇది రుచింపలేదు. పరీక్షలయందు ఇతర విషయములలో చక్కగా నెగ్గినను, పూర్తి పట్టమగు ఎం.బి.బి.ఎస్. వారికి దక్కలేదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే యిచ్చిరి. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు చేసిన యత్నముకూడ ఫలింపలేదు.

అంతట వారు చెన్నపట్టణమున లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు కుదిరిరి. అచటనుండగానే మన ప్రాచీన వైద్యములోని మందులను నవీన రసాయనశాస్త్రముతో పరీక్షించి చూడవలెనను తలంపు వారికి గలిగెను. విదేశమునకు పోవుటకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును తోడ్పడిరి. మూడు సంవత్సరములలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చి, 1920వ దశాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికాకు బయలుదేరిరి. ఆ మాట నెరవేరలేదు. వారు మరల స్వదేశము చూడనేలేదు. వారు దూరమున నుండగా పుట్టిన కుమారుడు శైశవమునందే మరణించెను. శేషగిరిగారి త్యాగమునుకూడ లెక్కకుదేనిచో ఈ చరిత్రము సగమే చెప్పినట్లగునని మా యభిప్రాయము.

హార్వర్డు విశ్వవిద్యాలయమున

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణదేశ వైద్యపాఠశాలలో వారు చేరిరి. చేతిలో కాసులేదు. వారి వైద్యపట్టము అచట వైద్యవృత్తికి పనికిరాలేదు. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పనికి కుదిరి, పగలు చదువుకొనిరి. పిమ్మట జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద పరిశోధన ప్రారంభించిరి.

ఈ యిరువురును 1925వ సంవత్సరమున రక్తమునందును, మూత్రమునందును ఉండు భాస్వరమును కొలుచు పద్ధతియొకటి ప్రకటించిరి. రసాయనముచేర్చిన ద్రవము నీలవర్ణము దాల్చును. ఆ నీలపు చిక్కదనమునుబట్టి భాస్వరమెంతయో తెలియును. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేర దీనిని జీవరసాయనము చదువువారు నేర్చుకొనుచునే యున్నారు. పేరుకై పాకులాడని ఈ మనుష్యుని పేరు శాస్త్రములో నిలిచిన కొద్ది చోట్లలో నిదియొకటి.

ఆ పద్ధతినే సాధనముగా గొని వారు కండరములను పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండరము వెంటనే పనిచేయవలసివచ్చినప్పుడు అక్కరకువచ్చు శక్తినిధి యిది. 1929లో ఏ.టి.పి. యను మరియొక పదార్థమును వెల్లడించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే కాలమున దానిని వేరుగా కనుగొనెను. మనము నడచినను, ఊపిరి పీల్చినను, ఈ పంక్తి చదివినను, శరీరమున వ్యయమగు శక్తి ఈ ఏ.టి.పి. రూపముననే చేతులు మారును. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించెను.

మన విద్యార్థు లిచట ఒక సంగతి గమనింపవలెను. ఉద్దానమున నిరక్షరాస్యులైన వృద్ధులుకూడ క్రియాటినిన్ అను మాట నెరుగుదురు. రక్తపరీక్ష కాగితముమీద ఆ అంకె యెంతయో తెలిసికొనుటకు గుండె చిక్కబట్టుకొని కూర్చుండువారు మన పల్లెలలో నెందరో యున్నారు. ఆ క్రియాటినిన్ అనునది మరేదియో కాదు; కండరములలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటినులు దినదినము విరిగిపోగా మిగులు వ్యర్థపదార్థము. మూత్రపిండములు బాగుగా నున్నచో అది మూత్రముతో వెడలిపోవును. అవి చెడినచో రక్తమున పేరుకొనును. మన సీమ భయముతో పలుకు మాటకు మూలమైన పదార్థమును వెలుగులోనికి దెచ్చినవారిలో ఆంధ్రుడొకడున్నాడు.

ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. తాము చేసిన పనిలో తమ భాగమెంతయో గట్టిగా చెప్పుకొను స్వభావము వారిది కాదు.

లెడర్లె పరిశోధనాలయము

1940వ సంవత్సరమున వారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు అను ఊరనున్న లెడర్లె పరిశోధనాలయమున చేరి, కొలది కాలములోనే పరిశోధనాధ్యక్షులైరి. అచట గడపిన ఎనిమిదేండ్లలో వారి నాయకత్వమున వెలువడిన ఫలితములు ఆశ్చర్యకరములు. వానిలో నాల్గింటిని మాత్రము చెప్పెదము.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని కథ మనదేశముననే మొదలయ్యెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నేతమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు ఘోరమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారమువలన అది కుదురునని 1931లో ప్రకటించెను. అందులో నున్న పదార్థమేదో అప్పటి కెవరికిని తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర జాతి ఆకునుండి అట్టి పదార్థమును తీసి, ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని శుద్ధముగా తీయుట, దాని నిర్మాణము తెలిసికొనుట, కర్మాగారమున తయారుచేయుట యను పనులను లెడర్లె బృందము 1945 నాటికి సాధించెను. ఆ వ్యాసముపై నున్న పదునారుగురి పేర్లలో సుబ్బారావుగారిది ఏడవది. ఈ మందు గర్భిణుల రక్తహీనతకే గాక, స్ప్రూ రోగమునకును పనిచేసెను. ఇరువురు సోదరులను పొట్టబెట్టుకొన్న వ్యాధికి, పాతికయేండ్లు గడచిన పిమ్మట, మందు దొరకెను.

రెండవది దీనికి విరోధియగు మందు. రక్తకణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అట్లయినచో ఫోలిక్ ఆమ్లమువలె కనబడుచు, దాని పని చేయక అడ్డుపడు పదార్థమును సృష్టించినచో, అదుపుతప్పి పెరుగు కాన్సరు కణములు ఆగునా? లెడర్లెలో తయారైన అట్టి పదార్థమైన అమినోటెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ల్యుకీమియా యను రక్తపు కాన్సరుగల 16మంది పిల్లలకిచ్చి చూడగా, పదిమందికి కొంతకాలము గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. దాని తమ్ముడే మెథోట్రెక్సేటు. అది కాన్సరు చికిత్సలో మాత్రమే కాక, చిన్న మోతాదులో కీళ్లవాతమునకుకూడ వాడబడుచున్నది. అయితే కీళ్లవాతమునకు దానిని వారమునకొక్కసారి మాత్రమే తీసికొనవలెను. వారపు మందును దినపు మందని భ్రమించి ప్రతిదినము మ్రింగి ప్రాణములు గోల్పోయినవారు అనేక దేశములలో గలరు. మూత్రపిండములు చెడినవారికి దీని ప్రమాదము మరింత హెచ్చు. ప్రాణము నిలుపు మాత్రయే వేళ తప్పినచో ప్రాణము తీయును.

మూడవది ఆరియోమైసిను. డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయ ఉద్యోగమునుండి విరమించిన బెంజమిన్ డుగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞునకు లెడర్లెలో చోటు దొరకెను. ఆయన పలుచోట్లనుండి తెప్పించిన మట్టిని పరీక్షించి, 1945లో మిస్సౌరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారు వన్నెగల సూక్ష్మజీవిని కనుగొనెను. అది స్రవించు పదార్థమే ఆరియోమైసిను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ వర్గమునకు అదియే జ్యేష్ఠము. డాక్సీసైక్లిను దాని వంశమునకు చెందినదే. ఈ మందులు గర్భిణులకును, చిన్నపిల్లలకును సాధారణముగా ఈయరు. పెరుగుచున్న పండ్లకు శాశ్వతముగా గారపట్టించును. గడువుదాటి చెడిన టెట్రాసైక్లిను మాత్రలు మ్రింగినవారికి మూత్రపిండములు దెబ్బతినుటను 1960వ దశాబ్దమున వైద్యులు గుర్తించిరి. పెట్టెలో మిగిలిన పాత మాత్రను మరల వాడుట పొదుపు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

నాల్గవది బోదకాలు మందు. ఈ వ్యాధికి కారణము దారమువంటి సన్నని పురుగులు. వాని పిల్లలు రాత్రివేళ రక్తమున తిరుగుచుండగా దోమలు పీల్చి మరియొకరికి చేర్చును. లెడర్లె బృందము కనుగొన్న డైఇథైల్‌కార్బమజీనును పోర్టోరికో ద్వీపమున రోగులకిచ్చి, రక్తములోని పురుగుపిల్లలు నశించుటను 1947లో ప్రకటించిరి. అంగడిలో దానికి హెట్రజాన్ అని పేరిడిరి. మన శ్రీకాకుళము జిల్లా ఈ వ్యాధిగల జిల్లాలలో నొకటిగా లెక్కింపబడినది. 2004నుండి మనదేశమున జబ్బులేనివారుకూడ ఈ మాత్ర మ్రింగవలెనను సామూహిక చికిత్స నడచినది. కాలు వాచనివాని రక్తమునందును పురుగుపిల్లలుండి దోమద్వారా ఇతరులకు చేరుటయే దీనికి కారణము. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రముగా జబ్బుపడినవారికిని మాత్రము ఈయరు.

నిర్యాణము

ఇన్ని విజయములు కన్నులయెదుట పండుచుండగానే, 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. సహచరుల పేర్లు ముందునకు నెట్టి, సభలయందును, పత్రికలయందును తాము వెనుక నిలుచుట వారి యలవాటు. తరువాత ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని పేరిడి వారిని స్మరించిరి. మన ప్రభుత్వము శతజయంతి సంవత్సరమగు 1995లో వారి చిత్రముతో తపాలా బిళ్ళ విడుదలచేసెను.

మందుకు రెండు పేర్లు

ఈ చరిత్రమున హెట్రజాన్, డైఇథైల్‌కార్బమజీన్ అను రెండు పేర్లు ఒక్క మందునకే వచ్చుట చదువరులు గమనించియుందురు. ప్రతి మందుకును అసలు పేరొకటి, అంగడి పేరొకటి యుండును. అంగడి పేరు అమ్మువాడు పెట్టునది. కంపెనీ మారిన అది మారును. అసలు పేరు లోనున్న పదార్థమునకు చెందినది, అది మారదు. అసలు పేరుతో అమ్ము మందులనే జనరిక్ మందులందురు.

ఆస్పిరిన్ కథ యిందుకు మంచి ఉదాహరణము. విల్లో చెట్టు బెరడు జ్వరమును తగ్గించునని 1763లో ఇంగ్లండున ఎడ్వర్డు స్టోను అను మతబోధకుడు తెలిపెను. 1897లో జర్మనీలోని బేయరు కంపెనీ రసాయనజ్ఞుడు ఫెలిక్సు హాఫ్‌మన్ అసిటైల్ శాలిసిలిక్ ఆమ్లమును శుద్ధముగా తయారుచేసెను. 1899లో కంపెనీ దానికి ఆస్పిరిన్ అని అంగడి పేరిడెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ ఓడిన పిమ్మట అనేక దేశములలో ఆ పేరుపై కంపెనీకి గల హక్కు పోయి, అంగడి పేరే అందరి పేరయ్యెను.

అసలు పేరు తెలిసినవానికి రెండు లాభములు. మొదటిది ధనలాభము. ఒకే మందు వేర్వేరు పేర్లతో వేర్వేరు ధరలకు అమ్మబడును. 2008లో ప్రారంభమైన జన ఔషధి దుకాణములలో జనరిక్ మందులు చౌకగా దొరకుచున్నవి. మాత్రపొట్లముమీద అసలు పేరు ప్రక్కన ఐ.పి. యని యున్నచో, అది భారత ఔషధ సంహితలోని ప్రమాణములకు లోబడినదని భావము. రెండవది ప్రాణలాభము. జలుబుకొక మాత్ర, జ్వరమునకొక మాత్ర, ఒళ్లునొప్పులకొక మాత్ర యని మూడు పేర్లతో కొని తెచ్చుకొన్నవాడు, మూడింటిలోను పారసిటమాలే యున్నదని తెలియక మూడింతలు మ్రింగును. పెద్దవారుకూడ దినమునకు 4 గ్రాములకు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిదింటికి, మించరాదు. మించినచో కాలేయము చెడును. మద్యపానము చేయువారికిని, బలహీనులకును అంతకంటె తక్కువయే హద్దు.

ఉద్దానమునకు ప్రత్యేకముగా

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అను నొప్పిమాత్రలన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవి. ఇవి పనిచేయు తీరును 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విప్పిచెప్పి, 1982లో నోబెలు బహుమానము పొందెను. దెబ్బతగిలినచోట నొప్పిని, వాపును పుట్టించు ప్రోస్టగ్లాండినులు అను పదార్థములను శరీరము తయారుచేయకుండ ఈ మాత్రలు ఆపును. కాని అవే పదార్థములు కడుపులోని పొరను కాపాడును. శరీరమున నీరు తగ్గినప్పుడు మూత్రపిండములకు రక్తము పారు నాళములను తెరచియుంచును. అందుచే నొప్పి తగ్గించు మాత్రయే కడుపున పుండును, మూత్రపిండములకు రక్తపు కరవును తెచ్చును.

ఇప్పుడు మన సీమను తలచుకొనుడు. జీడి కర్మాగారములలో వేడిమియొద్ద దినమంతయు పనిచేయువారు, ఎండలో కొబ్బరిచెట్లెక్కువారు, ఉప్పుగాలిలో వలలాగువారు సాయంకాలమునకు నడుమునొప్పితో ఇల్లు చేరుదురు. చెమటపట్టి నీరు తగ్గిన శరీరమునకు అంగడినుండి తెచ్చిన నొప్పిమాత్ర తోడగును. ఉద్దానపు మూత్రపిండవ్యాధికి మూలకారణమేదో శాస్త్రజ్ఞు లింకను నిర్ధారణ చేయలేదు. నొప్పిమాత్రలే కారణమని మేము చెప్పుట లేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన మూత్రపిండ పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియును ఈ వ్యాధి కొరకే యేర్పడినవి. కారణమేదైనను, బలహీనపడిన మూత్రపిండములపై నొప్పిమాత్ర వేయు బరువు నిశ్చయము. అట్టివారు వైద్యు నడుగక ఈ కుటుంబపు మాత్రలను ముట్టరాదు. ఏ వైద్యునియొద్దకు పోయినను క్రియాటినిన్ కాగితమును వెంట గొనిపోయి చూపవలెను.

ఆస్పిరిన్ విషయమున మరి రెండు మాటలు గలవు. జ్వరమువచ్చిన పిల్లలకు దానిని ఈయరాదు. మెదడును, కాలేయమును చెరచు అపాయకరమైన జబ్బు అరుదుగా కలుగును. డెంగీ జ్వరమని అనుమానమున్నచో ఎవరును దానిని గాని, ఐబుప్రోఫెనును గాని వాడరాదు, రక్తస్రావము హెచ్చగును. అయితే హృద్రోగులకు వైద్యులు వ్రాసిన చిన్న మోతాదు ఆస్పిరినును సొంతబుద్ధితో మానుటయు తప్పే. మొదలుపెట్టుటకును, మానుటకును వైద్యుని సలహా కావలెను.

విద్యార్థులారా

సుబ్బారావుగారి చరిత్రమునుండి పట్టుదల, వినయము, పరోపకారము నేర్చుకొనుడని చెప్పి ముగించుట వాడుక. అవి నేర్చుకొనవలసినవే. వానితోబాటు మీరు చేయదగిన చిన్నపని యొకటి గలదు. ఎన్నో యిండ్లలో అవ్వలు, తాతలు మాత్రను రంగునుబట్టియు, పరిమాణమునుబట్టియు గుర్తుపట్టుదురు. పొట్లముమీది సన్నని అక్షరములు చదువగలవారు ఆ యింట మీరొక్కరే యైయుండవచ్చును. కావున మాత్ర వారి నోటికి చేరకముందే నాలుగు సంగతులు చదివి చెప్పుడు: అసలు పేరేమి, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ యేది, ఎఱ్ఱగీత యున్నదా. ఎఱ్ఱగీత యున్న మందును వైద్యుని చీటీ లేక వాడరాదు. మాత్రలను పొట్లమునుండి కత్తిరించునపుడు పేరును, తేదీయును తెగిపోకుండ చూడుడు. వారమునకొకసారి మాత్ర యైనచో ఏ వారమో గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టుడు.

రాత్రివేళ రోగుల పాత్రలు కడిగిన చేతులతోనే సుబ్బారావుగారు పగలు శాస్త్రము సాధించిరి. వారు మనకిచ్చిన మందులపై వారి పేరు లేదు. వాని పేర్లు మాత్రము ఉన్నవి. వానిని సరిగా చదువుట మన పని.